సజ్జ మీది డిస్కుకు ఐదు తాళాలు

మా చిన్నాయన నల్లగొండలో చాలా ఏళ్లు డీటీపీ షాపు నడిపాడు. పెళ్లి పత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. అన్నీ ఒకే కంప్యూటర్ మీద. షాపు మూసేశాక ఆ కంప్యూటర్ ఇంటికొచ్చి, ఇత్తడి గుండిగల పక్కన సజ్జ ఎక్కింది. ఆ తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు.

మొన్న ఎండాకాలం దానితో పని పడింది. మా చిన్నమ్మ పుట్టిల్లు కల్వకుర్తి దగ్గర పల్లె. ఆమె తండ్రి ఊళ్లో భజన నడిపించేవాడు. తాను పాడే కీర్తనలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఊరి గుడి కోసం వాటిని చిన్న పుస్తకంగా వేద్దామని చిన్నాయన 2002లో కూర్చుని టైపు చేశాడు. పుస్తకం అచ్చు కాలేదు. పెద్దాయన పోయాడు. నోటు పుస్తకాన్ని చెదలు తిన్నాయి.

"కంప్యూటర్ల భద్రంగుంటది" అన్నాడు చిన్నాయన.

"ఉంటే తియ్యి మరి" అంది చిన్నమ్మ.

సజ్జ మీంచి దింపి స్విచ్ వేస్తే కంప్యూటర్ ఉలకలేదు, పలకలేదు. కరెంటు డబ్బా ఎప్పుడో కాలిపోయింది. లోపలి హార్డ్ డిస్కు విప్పి, గడియారం సెంటర్ దగ్గర రిపేరు షాపుకు పట్టుకుపోయాం. అక్కడి కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ పిన్నులు పెట్టేతందుకు ఇప్పటి బోర్డుల జాగ లేదు సార్. ఇగ పోయిందనుకోండ్రి" అన్నాడు.

జాగ లేదన్న మాట నిజం. పోయిందన్న మాట నిజమో కాదో అప్పటికి ఎవరికీ తెలియదు. డిస్కు చెడిపోవడం వేరు, దాన్ని చదివే యంత్రం కరువవడం వేరు. ఈ అధ్యాయమంతా ఆ తేడా గురించే.

ముందుగా సీడీ

"సీడీల కూడా ఎక్కించిన" అని చిన్నాయన గుర్తు చేసుకున్నాడు. కిటికీ పక్క గూట్లో, పెన్నుతో పేరు రాసిన సీడీ దొరికింది. కొత్త లాప్‌టాప్‌లకు సీడీ పెట్టే అరే ఉండదు. యూఎస్‌బీ తీగతో తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి అరువు తెచ్చి పెట్టాం. సీడీ గిర్రున తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. చివరికి డ్రైవు చేతులెత్తేసింది.

సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి తెచ్చిన సీడీ 1982లో బజారుకొచ్చింది. 12 సెంటీమీటర్ల ఆ బిళ్లలో సమాచారం ఒకే దారిగా, లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ పోతుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. ఆ దారిని విప్పి పరిస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది. నల్లగొండ నుంచి పానగల్లు గుళ్ల దాకా పరిచినా కొంత మిగులుతుంది. దాని మీద 780 నానోమీటర్ల పరారుణ లేజర్ పడుతుంది. కంపెనీలో అచ్చొత్తిన సీడీలో అయితే సన్నటి గుంటలుంటాయి. గుంట ఉన్నచోట వెలుగు తక్కువగా, లేనిచోట ఎక్కువగా తిరిగొస్తుంది. ఆ హెచ్చుతగ్గులే ఒకట్లు, సున్నాలుగా మారతాయి.

మనం షాపులో ఎక్కించుకునే సీడీలో గుంటలుండవు. రంగు పూత ఉంటుంది. రాసే లేజర్ ఆ పూతను చుక్కలు చుక్కలుగా మారుస్తుంది. చదివే లేజర్‌కు ఆ చుక్కలే గుంటల్లా కనిపిస్తాయి. రంగు అన్నాక ఎండకు వెలిసిపోవడం ఖాయం. మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే ఊళ్లో, కిటికీ పక్కన ఏళ్ల తరబడి పెట్టిన సీడీ గతి ఏమవుతుందో ద్వారానికి కట్టిన పాత పరదాను చూస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. సీడీకి అడుగున 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కవచం ఉంటుంది. సమాచారం ఉండేది పై వైపున, పేరు రాసే తట్టున, పలచటి వార్నిష్ పొర కింద. అడుగున పడ్డ చిన్న గీతను ఓర్చుకునే సీడీ, పైన గట్టిగా నొక్కి రాసిన పెన్ను గీతకు పాడవుతుంది. అడుగు గీతలను ఓర్చుకోవడం వెనక లెక్కల మహిమ ఉంది. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ 1960లో చెప్పిన పద్ధతితో, ప్రతి ముక్కకూ కొన్ని అదనపు అంకెలు చేర్చి, ఆ ముక్కలను దూర దూరంగా వెదజల్లి రాస్తారు. దారి వెంట దాదాపు 2.5 మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా, మిగిలినదాన్ని బట్టి పోయినదాన్ని లెక్కగట్టి రాబట్టవచ్చు. సీడీని గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచుకు తుడవమనేది అందుకే. అడ్డంగా పడ్డ గీత ఒక్కో చుట్టులో రవ్వంత తింటుంది. చుట్టు వెంట పడ్డ గీత వరసగా మింగేస్తుంది.

మా సీడీలో రంగే పోయింది. అంటే అది నిజంగా చెడిపోయింది. ఇక మిగిలింది హార్డ్ డిస్కు.

మొదటి తాళం: కరెంటు

పాత డిస్కు వెనక నాలుగు లావాటి పిన్నులున్న సాకెట్ ఉంటుంది. పసుపు తీగలో 12 వోల్టులు, ఎరుపు తీగలో 5 వోల్టులు, మధ్యలో రెండు నల్ల తీగలు ఎర్తుకు. బిళ్లను తిప్పే మోటారుకు 12, లెక్కలు చేసే చిప్పులకు 5. ఇప్పటి డిస్కులకు 15 రేకుల సన్నటి సాకెట్ వచ్చింది. ఆకారం మారిందే తప్ప ఆ రెండు వోల్టేజీలూ అందులోనూ ఉన్నాయి. అందుకే కొన్ని వందల రూపాయల అడాప్టర్ తీగతో ఈ తాళం వీడుతుంది.

ఒక్క జాగ్రత్త. యూఎస్‌బీ సాకెట్ మామూలుగా ఇచ్చేది 5 వోల్టులే. లాప్‌టాప్‌లోంచి తీసిన చిన్న డిస్కుకు అది సరిపోతుంది. టేబుల్ కంప్యూటర్ డిస్కుకు 12 వోల్టులు కావాలి కాబట్టి గోడ ప్లగ్గుకు పెట్టే విడి అడాప్టర్ కూడా ఉన్న కిట్టే కొనాలి. అది లేని కిట్టు కొని, డిస్కు తిరగకపోతే "చచ్చింది" అని పారేసినవాళ్లు ఉన్నారు. ఆకలితో పడి ఉన్నవాణ్ని పాడె ఎక్కించడం లాంటిది అది.

రెండో తాళం: తీగల వరుస

పాత డిస్కు నుంచి బోర్డుకు పోయే వెడల్పాటి బూడిదరంగు పట్టీ గుర్తుండే ఉంటుంది. అది ఐడీఈ కేబుల్. 40 పిన్నులు. అందులో సమాచారం మోసే తీగలు 16, పక్కపక్కనే, ఒకేసారి. మిగతావి వేళలు చెప్పడానికి, అదుపు చేయడానికి, ఎర్తుకు.

పదహారు మంది భుజం భుజం కలిపి రోడ్డు మీద నడుస్తున్నారనుకోండి. మెల్లగా నడిచినంత సేపు వరుస చెడదు. పరుగెత్తిస్తే ఒకడు ముందు, ఒకడు వెనక. తీగల్లోనూ ఇంతే. వేగం పెంచేకొద్దీ పదహారు బిట్లు ఒకే క్షణంలో గమ్యం చేరవు. పైగా ఒక తీగలోని అలజడి పక్క తీగకు అంటుకుంటుంది. దాన్ని ఆపడానికి మడికీ మడికీ మధ్య గట్టు వేసినట్టు, తీగకూ తీగకూ మధ్య ఒక ఎర్తు తీగ చేర్చారు. అలా అదే 40 పిన్నుల పట్టీలో 80 తీగలయ్యాయి. అంత చేసినా సెకనుకు 133 మెగాబైట్ల దగ్గర ఆ దారి ఆగిపోయింది.

2003 నాటికి వచ్చిన సాటా పద్ధతి వరుసను రద్దు చేసింది. బిట్లన్నీ ఒకరి వెనక ఒకరు, కానీ విపరీతమైన వేగంతో. ఏడు రేకులే: పోవడానికి ఒక జంట, రావడానికి ఒక జంట, మూడు ఎర్తులు. జంటలో ఒక తీగ వోల్టేజీ పెరిగితే రెండోదానిలో తగ్గుతుంది. బయటి అలజడి రెండింటినీ ఒకేలా తాకుతుంది కనుక, అందుకునేవాడు ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తే అలజడి కొట్టుకుపోయి అసలు సంకేతం మిగులుతుంది. మొదటి సాటాయే సెకనుకు 150 మెగాబైట్లు మోసింది. పట్టీ పని అయిపోయింది. 2006లో వచ్చిన ఇంటెల్ చిప్పుసెట్ల నుంచి ఐడీఈకి సొంత చోటు లేదు. బోర్డు కంపెనీలు విడి చిప్పు పెట్టి కొన్నేళ్లు లాగాయి. తర్వాత అదీ మానేశాయి. కుర్రాడు చెప్పిన "జాగ లేదు" వెనక ఉన్న చరిత్ర ఇదీ.

మూడో తాళం: ఆజ్ఞల భాష

40 పిన్నులను యూఎస్‌బీకి కలిపే కిట్టు కొన్నాం. చూడటానికి మామూలు తీగలాగే ఉంటుంది. ప్లగ్గు ఆకారం మార్చడం మాత్రమే దాని పని అనుకుంటాం. నిజానికి దాని గుబ్బలో ఒక చిప్పు కూర్చుని దుబాసీ పని చేస్తుంటుంది. యూఎస్‌బీ వైపు నుంచి కంప్యూటర్ స్కజీ అనే ఆజ్ఞల భాషలో అడుగుతుంది: ఫలానా గది నుంచి ఇన్ని గదులు చదువు. పాత డిస్కుకు తెలిసింది ఏటీఏ అనే భాష. దుబాసీ అటు విని ఇటు చెప్పి, ఇటు విని అటు చెబుతుంది.

కిట్టు తగిలించాం. డిస్కు జుయ్యిమని తిరిగింది. చెవి పెట్టి విన్నాం. టకటకమని ఆగకుండా కొట్టుకునే శబ్దం లేదు. ఆ శబ్దం ఉంటే వెంటనే కరెంటు తీసేయాలి. బిళ్లకు, దాన్ని చదివే ముల్లుకు మధ్య ఖాళీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. ముల్లు దెబ్బతిని ఉంటే తిరిగే ప్రతి చుట్టూ అక్షరాలను గోకేస్తుంది. ఆ స్థితిలో మూత విప్పి చూడటం ఇంకా తప్పు. మన ఊరి ఎర్ర దుమ్ములో ఒక్క రేణువు దానికి బండరాయి.

శబ్దం బాగుంది, కానీ కంప్యూటర్‌లో డిస్కు కనిపించలేదు. తప్పు ఎక్కడుందో చిన్నాయనే పట్టుకున్నాడు. "జంపర్ చూడురా" అన్నాడు. పాత పట్టీ మీద రెండు డిస్కులు తగిలించవచ్చు. ఎవరిని పిలిస్తే ఎవరు పలకాలో తేల్చడానికి ఒకదాన్ని మాస్టర్, రెండోదాన్ని స్లేవ్ అనేవాళ్లు. డిస్కు వెనక చిన్న పిన్నుల మీద ప్లాస్టిక్ తొడుగు జరిపి ఆ హోదా చెప్పాలి. షాపు రోజుల్లో ఈ డిస్కు రెండోది. కిట్టులోని దుబాసీ మాస్టర్‌ను పిలుస్తోంది, డిస్కేమో నన్ను కాదులే అని ఊరుకుంది. డిస్కు మీది బొమ్మ చూసి తొడుగు జరిపాం. ఈసారి పలికింది.

నాలుగో తాళం: పద్దు పుస్తకం

పలికింది గానీ తెర మీద వచ్చిన మొదటి మాట గుండె ఆపేసింది. డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?

ఇక్కడ ఔనన్నవాళ్ల డిస్కులు ఎన్నో. కంప్యూటర్ చెబుతున్నది "ఇందులో ఏమీ లేదు" అని కాదు, "దీని పద్దు నాకు అర్థం కాలేదు" అని. డిస్కు అంటే 512 బైట్ల గదులు వరసగా కోట్లకొద్దీ. ఏ ఫైలు ఏ గదుల్లో ఉందో రాసిన పద్దు వేరుగా ఉంటుంది. పద్దు మొదటి పేజీ చినిగితే గిడ్డంగిలో వడ్ల బస్తాలు మాయం కావు, లెక్క తెలియదంతే. ఆ సమయంలో ఫార్మాట్‌కు ఔననడం అంటే ఖాళీ గిడ్డంగి అని కొత్త పద్దు తెరవడం.

ఇలాంటప్పుడు మొదటి పని నకలు. పాత డిస్కు ఎన్నాళ్లు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కనుక ఫైళ్ల కోసం వెతుకులాడకుండా, మొదటి గది నుంచి చివరి గది దాకా ఉన్నదున్నట్టు కొత్త డిస్కులోకి దించుకోవాలి. లినక్స్‌లో దొరికే ఉచిత సాధనం జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఈ పని తెలివిగా చేస్తుంది. చదవలేని గది తగిలితే అక్కడ మొండిపట్టు పట్టకుండా దాటి, మిగతావి భద్రం చేసి, ఆ తర్వాత వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తుంది. మా 40 జీబీ డిస్కు రాత్రంతా తిరిగింది. తెల్లారేసరికి కొన్ని గదులు తప్ప అన్నీ వచ్చాయి. పోయిన గదుల్లో డీ డ్రైవు పద్దు మొదటి పేజీ ఒకటి.

1996 నుంచి వాడుకలో ఉన్న ఫ్యాట్32 పద్ధతిని తయారుచేసినవాళ్లు ముందుచూపున్నవాళ్లు. మొదటి పేజీ నకలు ఒకటి కొన్ని గదుల అవతల దాచారు. గదుల లెక్క రాసే పట్టికను కూడా రెండు ప్రతులు ఉంచారు. టెస్ట్‌డిస్క్ అనే ఇంకో ఉచిత సాధనంతో, మేం దించుకున్న నకలు మీద ఆ దాచిన పేజీని మొదటి పేజీ స్థానంలో పెట్టాం. డీ డ్రైవు తెరుచుకుంది. పెళ్లి పత్రికలు, ప్రశ్నపత్రాలు, కరపత్రాలు. వాటి మధ్య "భజన" అనే ఫోల్డర్.

ఐదో తాళం: అక్షరం

ఫోల్డర్‌లో ఉన్నది పేజ్‌మేకర్ ఫైలు. 1985లో ఆల్డస్ అనే కంపెనీ మొదలుపెట్టి, 1994లో అడోబ్ చేతికి వచ్చిన సాఫ్ట్‌వేర్ అది. 2001లో వచ్చిన 7.0 తర్వాత ఇంకో సంచిక రాలేదు. తెలుగునాట ప్రెస్సులు మాత్రం దాన్ని చాలా ఏళ్లు వదల్లేదు. తెలిసిన ప్రెస్సులో పాత కంప్యూటర్ ఒకటి ఇంకా నడుస్తోంది. అక్కడ ఫైలు తెరిచి, అక్షరాలను కాపీ చేసి కొత్త లాప్‌టాప్‌లో వేశాం. తెర నిండా సమానం గుర్తులు, అనంతం గుర్తులు, ఇంగ్లీషు ముక్కలు, కొక్కేలు. ఒక్క తెలుగు అక్షరం లేదు.

ఇంగ్లీషు డిస్కులకు లేకుండా, తెలుగు వంటి భాషల పాత డిస్కులకు పడ్డ తాళం ఇది. ఇంగ్లీషువాడి 1990 నాటి మామూలు అక్షరాల ఫైలు నాలుగో తాళం దగ్గరే తెరుచుకుంటుంది. ఆ రోజుల్లో ఫాంటుకు 256 గళ్లే. వాటిలో తెలుగు గుణింతాలు, ఒత్తులు అన్నీ పట్టవు. అందుకని అను, శ్రీలిపి వంటి డీటీపీ ఫాంట్లు అక్షరాన్ని ముక్కలు చేశాయి. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు, ఒక్కొక్కటి ఒక్కో ఇంగ్లీషు గుర్తు గదిలో కూర్చుంది. ముక్కలను పేర్చితే కాగితం మీద చక్కటి తెలుగు. ఫైలు లోపల మాత్రం తెలుగు అన్న ఊసే లేదు. ఏ ముక్క ఏ గదిలో ఉందో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

యూనికోడ్ 1991లో మొదటి సంచికలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అక్షరం ఎలా కనిపిస్తుందన్నది కాక, అది ఏ అక్షరం అన్నదే అందులో రాసుకుంటాం. గీసే పని ఫాంటు చూసుకుంటుంది. అయితే మన షాపులకు అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో టైపు చేసిన తెలుగంతా ఐదో తాళం వెనకే ఉంది.

సురవరం ప్రతాపరెడ్డి గుర్తొస్తారు ఇక్కడ. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా, పాలమూరు బిడ్డ అయిన ఆయన 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు అందులో చోటు చేసుకున్నారు. తొంభై ఏళ్ల నాటి ఆ ప్రతి చేతికి దొరికితే, వెలుతురు, అక్షరజ్ఞానం, ఈ రెండూ చాలు చదవడానికి. పానగల్లులో రాతి మీద చెక్కిన శాసనానికీ అంతే. కాకపోతే లిపి తెలిసినవాడు కావాలి. మా భజన ఫైలుకు ఇరవై రెండేళ్లకే ఐదుగురు దుబాసీలు కావలసి వచ్చారు. వస్తువు ఎంత పాతదన్నది కాదు లెక్క. దానికీ మనకూ మధ్య ఎన్ని ఒప్పందాలున్నాయి, వాటిలో ఎన్ని ఇంకా ఎవరికైనా గుర్తున్నాయన్నదే లెక్క.

కనుక ఇంట్లో పాత డిస్కు ఉంటే తూకానికి వేయకముందు వరసగా అడగండి. కరెంటు అందిందా? తీగ కుదిరిందా? జంపర్ సరిగా ఉందా? నకలు తీశామా? ఫాంటు పేరేమిటి? తాళం ఎక్కడ పడిందో తెలిస్తే చెవి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఐదూ తీశాక దాన్ని మళ్లీ అలాంటి డబ్బాలోనే దాచకండి. యూనికోడ్‌లోకి మార్చి, రెండు మూడు చోట్ల పెట్టి, కాగితం మీద కూడా ఒక ప్రతి తీయండి.

మేమూ అలాగే చేశాం. పాత ఫాంటు లెక్కలను యూనికోడ్‌లోకి మార్చే సాధనంతో ఫైలంతా మార్చి, అచ్చు తీసి చిన్నమ్మ చేతికిచ్చాం. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. మూడో పేజీ దగ్గర ఆగింది.

"గీ రావు ఎవడు?" అంది.

చూస్తే రామ అని ఉండాల్సిన చోటల్లా రావు అని ఉంది. పాత ఫాంటులో వ పక్కన ఒక కొమ్ము పెడితే మ అవుతుంది. ఇంకో రకం కొమ్ము పెడితే వు. కాగితం మీద రెండింటికీ తేడా రవ్వంతే. 2002లో చిన్నాయన వేలు ఒక మీట పక్కకు పోయింది. అచ్చులో ఎవరికీ కనపడని ఆ తప్పును, అక్షరాన్ని అక్షరంగా చూసే యూనికోడ్ బయట పెట్టింది.

"మా నాయిన భజనల రావుసాబులు లేకుండె" అని నవ్వి, చిన్నమ్మ పెన్ను తీసుకుంది. ఒక్కో కీర్తన మెల్లగా రాగం తీస్తూ, రాగానికి అడ్డం పడ్డ చోటల్లా సున్నా చుట్టింది. పద్దెనిమిది సున్నాలు తేలాయి. ఆ తప్పులు పట్టగల సాధనం ఏ బజారులోనూ లేదు. చిన్నాయన కంప్యూటర్ ముందు కూర్చుని, ఆమె చుట్టిన చోటల్లా వు చెరిపి మ పెట్టుకుంటూ పోయాడు.